జీడినూనె పూసిన ఇండికేటర్లు

మా ఇంట్లో మగవాళ్ళకి ఆదివారమూ, స్క్రూడ్రైవరూ ఒకేసారి దొరక్కూడదు. ఈ మాట నేను అన్నప్పుడల్లా మావారు చదువుతున్న పేపరును కొంచెం పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకుంటారు. నేను ఏ ఆదివారం గురించి అంటున్నానో ఆయనకు బాగా తెలుసు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేము కాశీబుగ్గలో అద్దెకుండేవాళ్ళం. నేను ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు దాటాక వచ్చే ఒక ఊళ్ళో టీచరుని. మావారు టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయన పొద్దున్నే బస్సెక్కి టెక్కలి పోయేవారు, నేను ఇంకో బస్సెక్కి తోటల్లోకి పోయేదాన్ని. మాకో కారు కూడా ఉండేది. ఆయన ఆఫీసులో పెద్దాయన ఒకరు బదిలీ మీద వెళ్ళిపోతూ మా నెత్తిన పెట్టిపోయిన నీలం రంగు పాత కారు. పగలంతా అది రేకుల షెడ్డులో గోనెపట్టా కప్పుకుని హాయిగా పడుకునేది. మేమిద్దరం మాత్రం బస్సుల్లో కమ్మీలు పట్టుకుని వేలాడేవాళ్ళం.

పొద్దున బస్సు ఫరవాలేదు. సాయంత్రం బస్సుది దాని ఇష్టం. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. బడి వదిలాక ఊరి బయట మలుపులో, ఒక పక్క జీడితోట, ఒక పక్క కొబ్బరితోట ఉన్నచోట సంచీ పట్టుకుని నిలబడేదాన్ని. మావారు టెక్కలి నుంచి వచ్చి, స్నానం చేసి, కాఫీ తాగి, అప్పుడు కారు తీసుకుని నాకోసం బయలుదేరేవారు. రారని అనను. వస్తారు. ఎప్పుడొస్తారో ఆ దేవుడికే తెలియాలి. జీడిపిక్కలు ఏరుకుని గంపలతో ఇళ్ళకు పోయే ఆడవాళ్ళు నన్ను చూసి ఆగేవారు.

“ఏటి పంతులమ్మా, అయ్యగోరు ఇంకా రానేదేటి?”

“వస్తారమ్మా, దార్లో ఉంటారు.”

“వచ్చీదాకా ఇలగే నిలబడతావేటి, పాపం!”

ఆ ‘పాపం’ వింటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఇంత చదువు చదివి, ఉద్యోగం చేస్తూ, ఇంట్లో కారు పెట్టుకుని, రోడ్డు పక్కన నిలబడి నలుగురి చేతా పాపమనిపించుకోవడమేమిటి? ఒక వానాకాలం సాయంత్రం గొడుగు గాలికి తిరగబడిపోయి, పిల్లల నోటుపుస్తకాలు చీరకొంగులో చుట్టుకుని, నిలువునా తడిసి నిలబడ్డాను. మావారు దీపాలు పెట్టే వేళకి వచ్చారు. అద్దం దించి, నవ్వుతూ, “వాన బాగా పట్టిందే!” అన్నారు. నేను వెనక సీట్లో కూర్చుని తలుపు ధన్‌మని వేశాను. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఒకటే మాట అన్నాను.

“నేను కారు నేర్చుకుంటాను.”

“నీకెందుకా గోల? నేనున్నాను కదా!”

‘నేనున్నాను కదా’ అనేది ఆయన ఊతపదం. గ్యాసు అయిపోయినా, కరెంటు పోయినా, దేశం మునిగిపోయినా అదే మాట. ఆయన ఉండడం సంగతి కాదు, ఆ మలుపులో నేను ఉండడం సంగతి అని ఎంత చెప్పినా చెవికెక్కదు.

సరే, మొండికేసి లెర్నర్స్ లైసెన్సు తెచ్చుకున్నాను. దానికి ఒక చిన్న పుస్తకం చదవాలి. రోడ్డు గుర్తులు, ఎవరికి దారివ్వాలి, ఏ లైటు ఏ రంగులో ఉండాలి, చేత్తో ఏ సైగ ఎలా చెయ్యాలి, అంతా బట్టీ పట్టాను. టీచరుని కదా, పరీక్షంటే నాకు మజా. ఆదివారాలు ఖాళీ మైదానంలో మావారు నేర్పేవారు. నేర్పడం అంటే, ఎడం పక్కన కూర్చుని ఒక చెయ్యి హ్యాండుబ్రేకు మీద, ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని “క్లచ్చు! క్లచ్చు!” అని అరవడం. అయినా నేర్చుకున్నాను.

టెస్టు తీసుకునే బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు అప్పుడప్పుడు టెక్కలికి క్యాంపు వచ్చేవారు. ఒక క్యాంపుకి మావారికి సెలవు దొరకలేదు. ఇంకో క్యాంపుకి బ్యాటరీ పోయింది. ఇంకోదానికి వాళ్ళ పిన్నిగారి మనవడి అన్నప్రాశన వచ్చిపడింది. అలా అలా లెర్నర్స్ గడువు చివరి వారంలోకి వచ్చేసింది. ఆ సోమవారం క్యాంపే ఇంక ఆఖరు. అది తప్పితే మళ్ళీ మొదటి నుంచీ మొదలెట్టాలి. మావారు అన్నం తింటూ నెమ్మదిగా అన్నారు కదా, “ఈసారి అవ్వకపోతే ఇంక ఈ మాట వదిలేద్దాం. సరేనా?”

నేను సరేనన్నాను. ఎందుకన్నానంటే, అవుతుందని నాకు ధీమా. కారు నడపడం నాకు వచ్చేసింది. కారు కూడా బాగానే ఉంది. అవ్వకపోవడానికి ఇంక కారణమేదీ మిగల్లేదు అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే అన్నయ్య దిగారు. అన్నయ్య అంటే మావారి అక్క భర్త. ఉద్దానంలో వాళ్ళకి కొబ్బరి, జీడి తోటలున్నాయి. మంచివారు. నోరూ మంచిది, చెయ్యీ మంచిది. కానీ ఆయనకు తెలియని పని ఈ భూప్రపంచంలో లేదు. మోటారు విప్పుతారు, పంచాంగం చూస్తారు, పాముకాటుకి మందు చెబుతారు. సంచీలోంచి ములక్కాడలు తీశారు, కొబ్బరికాయలు తీశారు, ఆఖరున పేపరులో చుట్టిన రెండు పొట్లాలు తీశారు. విప్పితే రెండు ఇండికేటర్ అద్దాలు. మంచినీళ్ళ గ్లాసుల్లా తెల్లగా తళతళలాడుతున్నాయి.

“బరంపురంలో కొన్నాను సెల్లెమ్మా! అక్కడ కార్లన్నిటికీ ఇవే. ఆ కాషాయం రంగు అద్దాలు ఇంకెవులెట్టుకుంటన్నారు? రేపు నువ్వు టెస్టుకెల్తే బండి పెళ్ళికూతురులా ఉండాల!”

మా కారుకి ముందు వైపు రెండు మూలలా కాషాయం రంగు ఇండికేటర్లుండేవి. ఎండకి కొంచెం వెలిసి, ఉప్పుగాలికి మసకబారాయి గానీ శుభ్రంగా పనిచేసేవి.

“అన్నయ్యా, మీకు పుణ్యముంటుంది, రేపు టెస్టు అయ్యాక బిగిద్దాం. పైగా ముందు ఇండికేటరు కాషాయం రంగులోనే ఆడాలని పుస్తకంలో ఉంది.”

ఆయన పకపకా నవ్వారు. “పుస్తకం సదివి బండి నడుపుతారేటమ్మా? ఏ రంగయితే ఏటి, ఎలిగి ఆరితే సాల్దా? ఏటి బావా?”

మావారు అప్పటికే లుంగీ ఎగ్గట్టి స్క్రూడ్రైవరు వెతుకుతున్నారు. మొహం వెలిగిపోతోంది. నేను మంచంకోడు విరిగిందని మూడు ఆదివారాలుగా చెబుతున్నాను, దానికి దొరకని స్క్రూడ్రైవరు ఆ రోజు చిటికెలో దొరికింది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకనబెట్టుకోవడమంటే ఇదే కదా అనుకున్నాను.

“అరగంట పని,” అన్నారు మావారు. “నువ్వెళ్ళి ఉప్మా చెయ్యి.”

ఉప్మా చేశాను. చల్లారింది కూడా. ఎడం పక్క అద్దం స్క్రూలు రెండూ ఉప్పుగాలికి తుప్పట్టి బిగుసుకుపోయాయి. తిప్పి తిప్పి స్క్రూ తలకాయలో గాడి అరిగిపోయింది. కిరసనాయిలు పోశారు. సుత్తితో చిన్నగా కొట్టారు. తర్వాత పెద్దగా కొట్టారు. అద్దం అడ్డంగా పగిలి రెండు ముక్కలై కింద పడింది.

“పోన్లే, ఎలాగూ తీసీసేదే కదా,” అన్నారు అన్నయ్య.

“సరే అన్నయ్యా, ఇంతటితో ఆపండి. కుడిదైనా అలాగే ఉంచండి, మీకు దణ్ణం పెడతాను,” అన్నాను.

“ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా ఉంటే బండి ఏటి బాగుంతాదమ్మా? కళ్ళకలక వచ్చినట్టుంతాది.”

కుడిది సునాయాసంగా ఊడింది. పగల్లేదు. దాన్ని జాగ్రత్తగా పేపరు మీద పెట్టారు. హమ్మయ్య, ఇదొకటి మిగిలింది అనుకునే లోపల మావారు వైరు చూద్దామని మోకాళ్ళ మీద కూర్చున్నారు. సరిగ్గా దాని మీదే కూర్చున్నారు. పటుక్కుమంది. ఆయన మోకాలు తడుముకుంటూ, “ఇక్కడెవరు పెట్టారిది?” అని నన్ను అడిగారు. నన్ను!

అప్పుడు కొత్తవి బిగించడం మొదలైంది. అవి ఏ కారు కోసం చేశారో గానీ మా కారు కోసం మాత్రం చెయ్యలేదు. స్క్రూ పట్టాల్సిన చిల్లు పక్కకి జరిగి ఉంది, వెనక ఉన్న కొక్కెం పొడుగెక్కువైంది. నా కూరగాయల కత్తి పట్టుకెళ్ళి స్టవ్వు మీద ఎర్రగా కాల్చి ఆ ప్లాస్టిక్కుకి కొత్త చిల్లు పెట్టారు. వంటిల్లంతా కంపు. ఆ కత్తి మళ్ళీ ఉల్లిపాయకి పనికిరాలేదు. ఎలాగో స్క్రూలు పట్టాయి. చూస్తే అద్దానికీ బండికీ మధ్య వేలు దూరేంత సందు. పాత అద్దం కింద ఉండే రబ్బరు తీసేటప్పుడే చీలికలైపోయింది, కొత్తదానికి రబ్బరే లేదు. అన్నయ్య చెంబుడు నీళ్ళు పోసి చూశారు. నీళ్ళు లోపలికి పోయి, బల్బు చుట్టూ బుడగలు వచ్చాయి.

బయట మబ్బు పట్టి ఉంది. తొలకరి రోజులు. పక్కనే ఉన్న పలాసలో ఆదివారం స్పేర్ల కొట్లు మూత. మాకు తెలిసిన మెకానిక్కు మందసలో పెళ్ళికి పోయాడని వాళ్ళావిడ చెప్పింది. నేను షెడ్డు ముందు కూలబడి తల పట్టుకున్నాను.

“అలగ కూకుండిపోకు సెల్లెమ్మా! దీనికి మందు నా దగ్గరుంది,” అని అన్నయ్య చెప్పులేసుకుని బయటికి పోయారు. కాసేపటికి ఒక డబ్బా పట్టుకుని వచ్చారు. మూత తియ్యగానే నాకు వాసన తెలిసిపోయింది. జీడిపిక్క తొక్కల నుంచి తీసే నూనె. నల్లగా, చిక్కగా, తారులా ఉంటుంది. మా వీధి చివర జీడి బట్టీ దగ్గర అడిగి తెచ్చారట.

“అన్నయ్యా, ఇది చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది!”

“తెలదేటి నాకు? పుట్టి బుద్ధెరిగిన కాన్నుంచి జీడితోటలోనే కదా ఉన్నాను. డొంకూరులో సూడు, పడవలకి అడుగున ఏటి పూత్తారు? ఇదే. సముద్రంలో పడవకే నీరెక్కనివ్వదు, నీ కారు లైటెంత?”

మావారు ‘అవును కదా’ అన్నట్టు తలాడించారు. ఆయన తల ఎప్పుడూ బావగారి మాటకి అటే ఊగుతుంది.

కొబ్బరిపీచుని కుంచెలా చేసి, అరచేతులకి ఆముదం రాసుకుని, ఎడం అద్దం చుట్టూ సందులో అన్నయ్య ఆ నూనె దట్టంగా కూరారు. ఆరాలి కదా అని, బల్బు వేడికి బేగి ఆరుతుందని చెప్పి లైటు వేసి ఉంచారు. ముగ్గురం నిలబడి చూస్తున్నాం. నూనె ఆరలేదు. వేడికి పలచబడి, జారి, లోపలికి కారడం మొదలుపెట్టింది. తెల్లద్దం లోపల నల్లటి చార ఒకటి దిగింది. తర్వాత రెండోది. తర్వాత పొగ.

“ఆపండి, ఆపండి!” అని అరుస్తూ నేను చేతికందిన గుడ్డ తీసుకుని కింద కారుతున్న నూనెను తుడవబోయాను. గుడ్డ పలచన. నూనె నా కుడి చేతి మణికట్టు నుంచి చిటికెనవేలిదాకా పాకింది. మావారు స్విచ్చి ఆపడానికి పరిగెత్తి హారన్ కొట్టారు.

అంతా చల్లారాక, ఆముదంతో చెయ్యి తుడుచుకుంటూ అడిగాను. “అన్నయ్యా, పడవకి ఈ నూనె పూశాక ఎన్నాళ్ళు ఎండబెడతారు?”

ఆయన గడ్డం గోక్కున్నారు. “ఎండని బట్టి ఉంతాదమ్మా. వారమో, పది రోజులో.”

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఇక్కడ దురదంతా నాదే అయింది, కత్తిపీటలు రెండూ హాయిగా చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాయి. కుడి అద్దానికి ఆ నూనె పుయ్యనివ్వలేదు. సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి నేనే సందులో కుక్కాను. ఎడమది ఎంత కడిగినా టీ డికాక్షను రంగు వదల్లేదు. లోపల హోల్డరులో నూనె పట్టేసి బల్బు ఒకసారి వెలిగితే పదిసార్లు వెలగలేదు. స్విచ్చి వేస్తే వెనక లైటు ఒక్కటీ పిచ్చెత్తినట్టు టకటకటక కొట్టుకునేది. కుడిది ఆడుతోంది కానీ తెల్లగా ఆడుతోంది.

అన్నయ్య వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, “ఏటీ అవదులే అమ్మా, ఆ ఇన్‌స్పెక్టరేటి లైట్లు సూత్తాడా? నిమ్మకాయ తొక్కించి ఎల్లు,” అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

సోమవారం పొద్దుటికి నా చేతి అంచంతా బొబ్బలు. ఒకటే మంట, ఒకటే దురద. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ఈ నూనెతో పనిచేసి అరచేతులు నల్లబడిపోయి కనిపిస్తారు. నా క్లాసు పిల్లల తల్లుల్లో సగం మందివి అవే చేతులు. నాకు ఒక్క పూట అంటుకుంటే ఇంత గోల. కొబ్బరినూనె రాసి, పాత నూలు గుడ్డ కట్టుకున్నాను.

టెక్కలిదాకా మావారే నడిపారు. దారంతా ఎంతో మంచిగా మాట్లాడారు. “చెయ్యి బాగా మండుతోందా? పోనీ వద్దులే. ఆరోగ్యం కన్నా ఎక్కువా? నేనున్నాను కదా.” నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నోరు తెరిస్తే పెళ్ళయినప్పటి నుంచీ ఉన్నదంతా బయటికొస్తుందని తెలుసు.

క్యాంపు ఊరి చివర రోడ్డు పక్కన. నాలుగైదు కార్లు, బోలెడన్ని మోటారు సైకిళ్ళు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఇన్‌స్పెక్టరు గారు పెద్దమనిషే, మర్యాదగానే మాట్లాడారు. నన్ను కూర్చోబెట్టి ఇండికేటర్లు వెయ్యమన్నారు. కుడిది వేశాను. ముందుకెళ్ళి చూశారు. ఎడమది వేశాను. వంగి చూశారు. వేలితో అద్దం మీద తట్టారు, ఆ వేలు వాసన చూసుకున్నారు.

“ఇదేమిటమ్మా?”

“జీడినూనె సార్.”

“లైట్లో జీడినూనె ఎందుకు?”

ఏం చెప్పను? మా బంధువర్గం గురించి ఎక్కడినుంచి మొదలుపెట్టను? వెనక నిలబడ్డవాళ్ళు కిసుక్కున నవ్వారు.

“ముందు ఇండికేటరు తెల్లగా ఆడకూడదమ్మా. రెండోది అసలు ఆడటమే లేదు. ఈ బండి మీద టెస్టు తీసుకోలేను. వేరే బండి ఉంటే తెచ్చుకోండి, లేకపోతే వచ్చే క్యాంపుకి రండి.”

“అలాగే సార్! అలాగలాగే! వచ్చేసారి చూసుకుంటాం సార్,” అన్నారు మావారు.

ఆ గొంతులో సంతోషం! ఆయన దాచుకుందామనే అనుకున్నారు, దాగలేదు. కాపురం చేస్తున్నదాన్ని, ఆ గొంతులో ఏ తేడా దేనికో నాకు తెలియదా? లైట్లు చెడిపోయినందుకు ఆయనకి బాధ లేదు. బతికిపోయాననుకుంటున్నారు.

“సార్,” అన్నాను, సీట్లోంచి దిగకుండానే. “వచ్చే క్యాంపు నాటికి నా లెర్నర్స్ ఉండదు సార్. నేను అన్నీ చేత్తో చూపిస్తాను. పుస్తకంలో ఉన్నాయి కదా సార్, చేతి సైగలు? అవి కూడా రూలే కదా? పరీక్ష నాకు గానీ లైట్లకు కాదు కదా సార్?”

ఆయన నా చేతి కట్టు వైపు చూశారు. పైకి మబ్బు వైపు చూశారు. చినుకులు మొదలయ్యాయి.

“ఒక్క సైగ తప్పినా ఫెయిలు చేస్తాను.”

“చెయ్యండి సార్.”

మావారు రోడ్డు పక్కన ఒక బడ్డీకొట్టు చూరు కింద నిలబడిపోయారు. ఇన్‌స్పెక్టరు గారు నా ఎడం పక్కన కూర్చున్నారు. నేను కుడి పక్క కిటికీ అద్దం పూర్తిగా దించేసి, చెయ్యి బయట పెట్టి, బండి తీశాను.

కారు నడపడం వేరు, ఒక చెయ్యి వానలో పెట్టి నడపడం వేరు. కుడి చెయ్యి బయట ఉన్నప్పుడు ఎడం చెయ్యి స్టీరింగు వదలడానికి లేదు, గేరు మార్చాలంటే ముందు కుడి చెయ్యి లోపలికి రావాలి. కుడికి తిరిగేముందు చెయ్యి బారచాపాలి. ఎడమకి తిరగాలంటే చాపిన చెయ్యి గుండ్రంగా తిప్పాలి. నెమ్మదించాలంటే పైకీ కిందికీ ఊపాలి. ఆపాలంటే మోచెయ్యి మడిచి నిలువుగా ఎత్తాలి. ప్రతి సైగకీ కట్టు కిటికీ అంచుకి ఒరుసుకుని బొబ్బ మీద బొబ్బ చితికింది. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, వానలో ఎవరికి తెలుస్తాయి? వెనక లారీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ‘కొట్టరా బాబూ కొట్టు, ఆ మలుపులో నేను విన్న హారన్లకంటేనా’ అనుకున్నాను. చెయ్యి మాత్రం దించలేదు.

రివర్సు కూడా అయ్యాక ఇన్‌స్పెక్టరు గారు తన తడిసిన మోకాలు దులుపుకున్నారు. “ఇంక చెయ్యి లోపల పెట్టుకోండమ్మా,” అన్నారు. “పాసయ్యారు. ముందు ఇంటికెళ్ళి ఆ లైట్లు మార్పించండి.”

స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. ఆయన గాబరాపడి, “పాసయ్యారనే కదా అన్నాను?” అన్నారు.

వెనక్కి వచ్చేటప్పుడు మావారు తాళాల కోసం చెయ్యి చాపారు. నేను ఇవ్వలేదు. ఆయన చుట్టూ తిరిగొచ్చి ఎడం పక్క కూర్చున్నారు. వైపర్లు కీచుకీచుమంటున్నాయి. చివరికి ఉండబట్టలేక అడిగాను.

“ఆయన టెస్టు తీసుకోలేననగానే మీకెందుకంత సంతోషం?”

“నాకెందుకు సంతోషం?”

“నా దగ్గర దాచకండి. చెప్పండి.”

ఆయన తన పక్క కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరిని వేలితో తుడిచారు. ఆయన మామూలుగా ఆఫీసు తెలుగే మాట్లాడతారు. మనసులో మాట చెప్పవలసి వస్తే మాత్రం వాళ్ళ అమ్మ మాట వచ్చేస్తుంది.

“రోజూ సాయంకాలం ఆ మలుపు కాడ నువ్వు నాకోసం సూత్తా ఉంటావు. దూరం నుంచి నా కారు కనబడగానే సంచీ భుజానికెత్తుకుంటావు. ఆఫీసులో రోజంతా ఎవుడూ నన్ను లెక్కసెయ్యడు. ఆ ఒక్క మలుపులో నాకోసం ఒక మనిషి సూత్తాది. నువ్వు బండి తోలేత్తే ఇంక అది నేదు కదా.”

నేను బ్రేకు నొక్కినంత పని చేశాను. జాలి వేసింది. అంతకు రెట్టింపు కోపమొచ్చింది.

“నేనక్కడ ఎండలో, వానలో కాళ్ళు పీక్కుపోయేట్టు నిలబడుతుంటే అది మీకు బాగుందా? వచ్చేపోయే వాళ్ళంతా పాపం పాపం అంటుంటే సిగ్గుతో చస్తున్నానే, అది మీకు బాగుందా? ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా! కాఫీ కూడా తాగి మరీ బయలుదేరేవారు కదండీ మీరు!”

ఆయన తల దించుకుని తన మోకాళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. ఇంకా అనాల్సింది చాలా ఉంది గానీ కాశీబుగ్గ వచ్చేసింది, బజారు రద్దీగా ఉంది.

మా వీధి ఎడం చేతివైపు మలుపు. ఎడం ఇండికేటరు ఎలాగూ చచ్చిపోయింది. కుడి చెయ్యి ఎత్తబోతే భుజం దాకా మంట పుట్టి లేవలేదు. వెనక ఆటో ఒకటి అంటుకునే వస్తోంది. ఏం చెయ్యాలో తోచక వేగం తగ్గించాను. అప్పుడు మావారు గబగబా తన పక్క అద్దం దించి, ఇస్త్రీ చొక్కా చెయ్యి భుజం వరకూ వానలోకి చాపి, లారీ క్లీనరులా బండి తలుపు మీద దబదబా బాదుతూ, “ఆగండాగండి! ఎడమకి, ఎడమకి!” అని వెనక్కి కేకేశారు. నా వైపు తిరిగి, “పోనీ,” అన్నారు.

నేను తిప్పాను. బండి షెడ్డు ముందు ఆగింది. ఆయన చెయ్యి ఇంకా బయటే ఉంది.

“లైసెన్సు చేతికొచ్చాక,” అన్నాను, “మీరు టెక్కలి బస్సు దిగి ఇంటికి నడిచి రాకండి. అక్కడే స్టాపులో నిలబడండి. బడి నుంచి వస్తూ నేను ఎక్కించుకుంటాను.”

ఆయన మొహం కొంచెం తేటపడింది. “ఎన్ని గంటలకొస్తావు?”

“వస్తాన్లెండి,” అన్నాను. “కాఫీ తాగి బయలుదేరతాను.”